ల్యాప్‌టాప్‌లో తగిలే ఎయిమ్ 27 అంగుళాల మానిటర్ మీద ఎందుకు తప్పుతోంది? తెర సైజును బట్టి సెన్స్ మార్చాలా?

అనంతపురంలో ఇంజనీరింగ్ చదువుతున్న తమ్ముడు అడిగింది క్లుప్తంగా ఇదీ. హాస్టల్లో 15.6 అంగుళాల ల్యాప్‌టాప్, సెలవులకు ప్రొద్దుటూరు పోతే ఇంట్లో 27 అంగుళాల మానిటర్, స్నేహితులతో కెఫేకి పోతే అక్కడ 24. ఆడేది ఎక్కువగా వాలరెంట్, అప్పుడప్పుడు సీఎస్2 (కౌంటర్ స్ట్రైక్ 2), రెండూ గురిపెట్టి కాల్చే ఆటలే. ల్యాప్‌టాప్‌లో 800 డీపీఐ (మౌస్ అంగుళం జరిగితే పంపే కౌంట్లు), 0.4 సెన్స్ (ఆటలో పెట్టుకునే మౌస్ సెన్సిటివిటీ). తెర పెద్దదైతే ఆ నిష్పత్తిలో సెన్స్ తగ్గించాలని ఎవరో చెప్పారంట, 27 మీద 0.23 పెట్టుకున్నాడు. ఇప్పుడు రెండు చోట్లా ఎయిమ్ పోయింది. తెర సైజుకు సెన్స్ లెక్కగట్టే సూత్రం ఏదైనా ఉందా అని ప్రశ్న.

లేదు తమ్ముడూ. అక్కర్లేదు కూడా. మూడు తెరల మీదా 800 డీపీఐ, 0.4 సెన్స్ అలాగే ఉంచు. 0.23 ఇప్పుడే తీసేయ్. మార్చాల్సింది ఏదైనా ఉంటే అది నీ కంటికీ తెరకూ మధ్య దూరం. అది కూడా వీలైనంత వరకే. ఈ మూడు తెరల మధ్య నిజంగా తేడా తెచ్చేవి వేరే ఉన్నాయి. ఎఫ్‌ఓవీ (ఆట ఎంత కోణం మేర చూపిస్తుందన్నది), రిఫ్రెష్ రేటు (తెర సెకనుకు ఎన్నిసార్లు బొమ్మ మారుస్తుందన్నది), మౌస్ అసలు డీపీఐ, చెయ్యి ఆనించే చోటు. వాటిని వదిలేసి అందరూ సెన్స్ మీద పడతారు, ఎందుకంటే మార్చడం తేలికైంది అదొక్కటే.

నేను కడపలో కోటిరెడ్డి సర్కిల్ దగ్గర గేమింగ్ కెఫే నడుపుతున్నాను. సీఎస్ 1.6ని పాత గూడు మానిటర్ల (సీఆర్‌టీ) మీద 800×600లో ఆడిన కాలం నుంచి ఈ పనిలోనే ఉన్నాను. ఇప్పుడు మా దగ్గర ఒక వరసంతా 24 అంగుళాలవి, చివర్న రెండు 27 అంగుళాలవి. ఆ చివరి రెండింటి దగ్గర కూర్చున్న ప్రతి కొత్త పిల్లోడూ ఒకటే మాట, "అన్నా, ఈ మిషన్లో ఎయిమ్ నిలబడల్యా". కాబట్టి నీ ప్రశ్న నాకు రోజూ వినిపించేదే.

ముందు ఆట లోపల ఏం జరుగుతుందో చూద్దాం. మౌస్‌ను ఒక అంగుళం జరిపితే 800 డీపీఐ మౌస్ కంప్యూటర్‌కు 800 కౌంట్లు పంపుతుంది. ఆట ప్రతి కౌంటుకూ కెమెరాను ఇంత డిగ్రీ అని తిప్పుతుంది. వాలరెంట్‌లో సెన్స్ 1 ఉంటే ఒక కౌంటుకు 0.07 డిగ్రీ, సీఎస్2లో 0.022 డిగ్రీ. అందుకే వాలరెంట్ సెన్స్‌ను 3.18తో గుణిస్తే సీఎస్ సెన్స్ వస్తుంది. నీ 0.4 అక్కడ 1.27. ఈ లెక్కలో మానిటర్ అన్న మాటే లేదు చూడు. అంగుళాలూ లేవు, పిక్సెళ్లూ లేవు. నీ తెర ఎంత పెద్దదో ఆటకు తెలీదు, తెలియాల్సిన పనీ లేదు.

నీ లెక్క ఇలా వస్తుంది. 360 డిగ్రీలను 0.07 × 0.4 × 800తో భాగిస్తే 16.07 అంగుళాలు, అంటే 40.8 సెంటీమీటర్లు. ఆటలో ఒక పూర్తి చుట్టు తిరగడానికి నీ చెయ్యి జరగాల్సిన దూరం ఇది. ఎయిమ్‌కు అసలు కొలత ఇదే, రాసిపెట్టుకో. 0.23 పెట్టినప్పుడు ఇది దాదాపు 71 సెంటీమీటర్లు అయింది. హాస్టల్లో 40.8కి అలవాటైన చెయ్యిని ఇంట్లో 71 జరపమంటున్నావు. రెండు చోట్లా పోక ఏమవుతుంది?

ఇప్పుడు తెర దగ్గరికి వద్దాం. శత్రువు తల నీ క్రాస్‌హెయిర్‌కు (తెర మధ్యలో ఉండే గురి గుర్తుకు) సరిగ్గా 20 డిగ్రీలు ఎడమకు ఉందనుకో. వాలరెంట్‌లో అడ్డంగా ఎఫ్‌ఓవీ 103 డిగ్రీలు. 15.6 అంగుళాల తెర వెడల్పు 34.5 సెంటీమీటర్లు, 24ది 53.1, 27ది 59.8. ఈ లెక్కన ఆ తల ల్యాప్‌టాప్‌లో మధ్య నుంచి 5 సెంటీమీటర్ల దూరంలో కనిపిస్తుంది, 24 మీద 7.7, 27 మీద 8.7. చెయ్యి జరగాల్సింది మాత్రం మూడింట్లోనూ 2.3 సెంటీమీటర్లే. తల ఎంత దూరం పోయిందో అదే నిష్పత్తిలో తల సైజు కూడా పెరిగింది. ఒకే క్రికెట్ మ్యాచ్‌ను చిన్న టీవీలో చూసినా పెద్ద టీవీలో చూసినా బౌలర్ వేసే అడుగులు మారవు కదా, అట్లనే.

మరి తేడాగా ఎందుకు అనిపిస్తుంది? కంటి వల్ల. ఫ్లిక్ కొట్టేటప్పుడు, అంటే మౌస్‌ను ఒక్కసారిగా విసిరి గురి పెట్టేటప్పుడు, చేతికి లెక్క చెప్పేది కన్ను. అది చూసేది తెర మీద సెంటీమీటర్లను కాదు, కంటి దగ్గర ఏర్పడే కోణాన్ని. ల్యాప్‌టాప్ ముందు ఎంత దగ్గరగా కూర్చుంటావో అంతే దగ్గరగా 27 ముందు కూర్చుంటే, అదే 20 డిగ్రీల ఫ్లిక్ కంటికి ఒకటిన్నర రెట్లకు పైగా పెద్దదిగా కనిపిస్తుంది. చెయ్యి బెదిరి ఎక్కువ జరుపుతుంది, క్రాస్‌హెయిర్ తల దాటిపోతుంది. "సెన్స్ ఎక్కువైపోయింది" అనిపించేది ఇందుకే. సెన్స్ తగ్గించాలనే ఆలోచన పుట్టేది కూడా ఇక్కడే.

దీనికి మందు దూరం. తెర అంగుళాలకూ కంటి దూరానికీ ఒకే నిష్పత్తి ఉంటే చాలు. ల్యాప్‌టాప్‌ను 50 సెంటీమీటర్ల దూరంలో పెట్టుకుని ఆడుతున్నావనుకో. అంగుళానికి 3.2 సెంటీమీటర్లు. అదే లెక్కన 24 తెరకు 77, 27 తెరకు 86 సెంటీమీటర్లు రావాలి. మూడు తెరలూ కంటికి ఒకే సైజులో కనపడతాయి. టేపు పట్టి ముక్కు మొదలు దగ్గర్నుంచి తెర మధ్యకు కొలువు, అంచనా వద్దు. 60 అనుకునేది కొలిస్తే 45 ఉంటుంది, ఆట వేడెక్కేకొద్దీ అందరం ముందుకు వంగుతాం.

86 ఎక్కడ వస్తుంది అన్నా, మా టేబులే రెండడుగులు అంటావు. నిజమే. రెండడుగుల టేబుల్ మీద మానిటర్ స్టాండే సగం తినేస్తుంది. అప్పుడు రెండు వైపుల నుంచీ సర్దుకోవాలి. ఇంట్లో మానిటర్‌ను గోడకు ఆనేంత వెనక్కి నెట్టు. వీలైతే గోడకు బిగించు. అలా 70 నుంచి 75 వరకు తేవచ్చు. హాస్టల్లో ల్యాప్‌టాప్‌ను 42, 43కి దగ్గరగా తెచ్చుకో. ల్యాప్‌టాప్ కీబోర్డు అడ్డం రాకుండా విడిగా ఒక కీబోర్డు కొనుక్కుని, దాన్ని ముందు పెట్టుకుని, ల్యాప్‌టాప్‌ను నాలుగు పుస్తకాల మీద ఎత్తులో పెట్టు. మెడ కూడా నిటారుగా ఉంటుంది.

ఒక జాగ్రత్త. మానిటర్‌ను వెనక్కి జరుపు, కుర్చీని కాదు. ఇది చాలామంది తిరగేసి చేస్తారు. కుర్చీ వెనక్కి పోతే మోచెయ్యి టేబుల్ మీద నుంచి జారిపోతుంది. అప్పటిదాకా ముంజేతితో తిప్పినోడు భుజంతో తిప్పడం మొదలుపెడతాడు. కన్ను సర్దుకుంది కానీ చెయ్యి చెడింది అన్నట్టు అవుతుంది. మోచెయ్యి ఆనే చోటు మూడు టేబుళ్ల దగ్గరా ఒకేలా ఉండాలి, ఆ తర్వాతే తెర దూరం.

అస్సలు వెనక్కి జరిపే చోటు లేకపోతే ఇంకో దారి ఉంది. 27 అంగుళాల 2560×1440 తెర మీద మధ్యలో 2275×1280 భాగాన్నే వాడితే అది 24 అంగుళాల తెరంత అవుతుంది, చుట్టూ నల్ల అంచు మిగులుతుంది. కొన్ని గేమింగ్ మానిటర్లలో 24.5 అంగుళాల మోడ్ అని మెనూలోనే ఉంటుంది. పోటీలకు ఎక్కువగా 24, 25 అంగుళాల మానిటర్లే పెడతారు కాబట్టి దానికోసం పెట్టిన మోడ్ అది. నాకైతే డబ్బు పోసి 27 కొని అంచులు నల్లగా చేసుకోవడం మనసొప్పదు. ఇరుకు టేబుల్ ఉన్నోడికి మాత్రం పనికొస్తుంది.

రిజల్యూషన్ సంగతి. హాస్టల్లో 1920×1080, ఇంట్లో 2560×1440 పిక్సెళ్లు అయినా ఆటలో మౌస్ తిరిగే కోణం ఒకటే. కానీ విండోస్ డెస్క్‌టాప్ మీద బాణం గుర్తు అలా కాదు, అది పిక్సెళ్లలో నడుస్తుంది. 1440లో తెర ఈ చివర నుంచి ఆ చివరికి పోవడానికి చెయ్యి 1.33 రెట్లు జరగాలి. మెనూలో మౌస్ మొద్దుబారినట్టు అనిపించి, ఆట కూడా అంతే అనుకుని, కొందరు మౌస్ బటన్‌తో డీపీఐ పెంచేస్తారు. ఆటలోకి పోయాక క్రాస్‌హెయిర్ ఎగిరిపోతుంది. మెనూలో ఎలా ఉన్నా వదిలేయ్. పబ్‌జీలాంటి ఆటల్లో సామాన్లు ఏరుకునే తెర మీద తేడా తెలుస్తుంది, అది భరించాల్సిందే.

పక్కోళ్ల మిషన్‌లో కూర్చున్నప్పుడు నేను మొదట చూసేది విండోస్‌లో "ఎన్‌హాన్స్ పాయింటర్ ప్రెసిషన్" అన్న టిక్. పేరు చూసి మోసపోకు. చెయ్యి వేగంగా కదిపితే బాణాన్ని ఇంకా ఎక్కువ దూరం పంపేది అది. కొత్తగా విండోస్ వేస్తే అది ఆన్‌లోనే వస్తుంది. సీఎస్2 మౌస్ నుంచి నేరుగా తీసుకుంటుంది కాబట్టి దీన్ని పట్టించుకోదు. అయితే ఏ ఆట పట్టించుకుంటుందో ఏది పట్టించుకోదో వెతికే బదులు టిక్ తీసేసి, స్పీడు గీతను మధ్యలో, అంటే 11లో 6వ గీత మీద పెట్టేస్తే గొడవ వదిలిపోతుంది.

ఎఫ్‌ఓవీ మారితే మాత్రం అన్నీ మారతాయి. తెర సైజు చేయలేని పని ఇది చేస్తుంది. సీఎస్2లో 16:9 (తెర వెడల్పు, ఎత్తుల నిష్పత్తి) మీద అడ్డంగా 106 డిగ్రీలు కనిపిస్తుంది. 1280×960 పెట్టి 4:3ని సాగదీస్తే 90 డిగ్రీలే కనిపిస్తుంది, కానీ ఆ 90 డిగ్రీలూ తెర వెడల్పంతా పరుచుకుంటాయి. మనుషులు లావుగా కనపడతారు, అందుకే చాలామంది ప్రొఫెషనల్ సీఎస్ ఆటగాళ్లకు అది ఇష్టం. కానీ అడ్డంగా కదలిక కంటికి 1.33 రెట్లు వేగంగా కనిపిస్తుంది, నిలువుగా మాత్రం మారదు. లావైన మనిషి అడ్డంగా పరుగెత్తేది కూడా అంతే వేగంగా కనిపిస్తుంది.

రాజంపేట నుంచి వచ్చే ఒక అబ్బాయి ఇంట్లో సాగదీసిన 4:3లో ఆడేవాడు, మా దగ్గరికొచ్చి మామూలు 16:9లో ఆడేవాడు. ఎప్పుడూ మా మానిటర్‌నే తిట్టుకునేవాడు. సెన్స్ ఒకటే, మౌస్ కూడా ఇంటినుంచి తెచ్చుకున్నదే. నేను రిజల్యూషన్ మార్చి కూర్చోబెట్టాను. కాసేపటికి తిట్టడం ఆగింది. 4:3 మంచిదా 16:9 మంచిదా అన్న చర్చ నాకు విసుగు. ఏదో ఒకటి ఎంచుకో, మూడు చోట్లా అదే పెట్టు. వాలరెంట్‌లో ఎఫ్‌ఓవీ మార్చే అవకాశమే లేదు కాబట్టి నీకు సగం తలనొప్పి లేదు. అపెక్స్, కాల్ ఆఫ్ డ్యూటీలాంటివి ఆడితే మాత్రం ఎఫ్‌ఓవీ అంకె రెండు మిషన్లలో ఒకటేనా అని చూసుకో.

అల్ట్రావైడ్ (మరీ వెడల్పాటి తెర) గురించి కూడా ఒకరు కింద కామెంట్లలో అడిగారు. 34 అంగుళాల 21:9 తెర ఎత్తు 27 అంగుళాల 16:9 తెర ఎత్తుకు దాదాపు సమానం. పక్కలకు ఎక్కువ చూపించే ఆటల్లో మధ్య భాగం 27లో ఎలా ఉంటుందో అలాగే ఉంటుంది, పక్కన అదనంగా కొంచెం కనపడుతుంది. దూరం లెక్కకు దాన్ని 27 అనుకుంటే సరిపోతుంది.

స్కోప్ సెన్స్, అంటే తుపాకీ దుర్భిణిలోంచి జూమ్ చేసి చూసేటప్పటి సెన్స్, చాలామందిని తికమక పెడుతుంది. జూమ్ చేస్తే ఎఫ్‌ఓవీ తగ్గుతుంది, కాబట్టి ఇక్కడ సెన్స్ సర్దాల్సిన అవసరం నిజంగానే ఉంది. అయితే తెర చదునుగా ఉంటుంది, ఆట చూపించే కోణాలు మాత్రం అంచులకు పోయేకొద్దీ సాగుతాయి. 27 మీద 20 డిగ్రీలు 8.7 సెంటీమీటర్లయితే 40 డిగ్రీలు 17.4 కాదు, 20. అందువల్ల జూమ్ చేసినప్పుడూ చేయనప్పుడూ తెరలో అన్ని చోట్లా ఒకేలా అనిపించే సెన్స్ అనేదే లేదు. తెరలో ఏ చోటు కుదరాలో మనమే ఎంచుకోవాలి. నా ఓటు మధ్యకు, క్రాస్‌హెయిర్ ఉండేది అక్కడే కదా. దానికి సీఎస్2లో జూమ్ సెన్స్ 0.819 పెట్టు, ఏడబ్ల్యూపీ స్నైపర్ తుపాకీ మొదటి జూమ్‌కు సరిగ్గా కుదురుతుంది. వాలరెంట్‌లో ఆపరేటర్ అనే స్నైపర్ తుపాకీ 2.5 రెట్ల జూమ్‌కు 0.747. ఈ అంకెలకూ మానిటర్ అంగుళాలకూ సంబంధం లేదు, మూడు చోట్లా అవే. కాల్ ఆఫ్ డ్యూటీలో "మానిటర్ డిస్టెన్స్ కోఎఫిషియంట్" అని 1.33 కనపడుతుంది. పేరు చూసి మానిటర్ ఎంత దూరంలో ఉందో దానిలో వేయాలని కొందరు అనుకుంటారు. అది కంటి దూరం కాదు, తెర మధ్య నుంచి ఏ చోట సెన్స్ కుదరాలన్నది. దాన్ని కదిపే పని పెట్టుకోకు.

ఇప్పుడు నాకు ఎక్కువ అనుమానం ఉన్న చోటు. నువ్వు రిఫ్రెష్ రేటు ఎంతో రాయలేదు. హాస్టల్ ల్యాప్‌టాప్ 144 హెర్ట్జ్ అయి ఇంట్లో మానిటర్ 60 అయితే, లేదా తిరగేసి అయితే, నీ బాధలో పెద్ద వాటా దానిదే. 60లో బొమ్మ 16.7 మిల్లీసెకన్లకోసారి మారుతుంది, 144లో 6.9కి. ఆ తేడాలో చెయ్యి ఎంత జరిగిందో కన్నుకు ఆలస్యంగా తెలుస్తుంది, ఆగాల్సిన చోట ఆగదు. ఫ్లిక్ కంటే పరుగెత్తేవాడి వెంట క్రాస్‌హెయిర్ నడిపేటప్పుడు ఇది బాగా తెలుస్తుంది. 144 మానిటర్ కొని విండోస్‌లో 60 మీదే వదిలేసిన ఇళ్లు నేను ఎన్నో చూశాను. డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో అడ్వాన్స్‌డ్‌లోకి పోయి చూడు. ఆటలో వీ సింక్ (బొమ్మలను తెర వేగానికి కట్టేసే సెట్టింగ్) ఆపేయ్. టీవీని మానిటర్‌గా వాడేవాళ్లయితే గేమ్ మోడ్ వెయ్యాలి, లేకపోతే టీవీ బొమ్మను అందంగా చేసే పనిలో ఆలస్యం చేస్తుంది.

మన సీమలో ఇంకో మలుపు ఉంది. మే నెలలో కరెంటు పోతే ల్యాప్‌టాప్ బ్యాటరీ మీదకు పోతుంది, గ్రాఫిక్స్ కార్డు గొంతు నొక్కేసుకుంటుంది, ఎఫ్‌పీఎస్ (ఆట సెకనుకు తయారుచేసే బొమ్మల లెక్క) సగానికి పడిపోతుంది. కరెంటు ఉన్నా గదిలో 40 డిగ్రీలు దాటితే ల్యాప్‌టాప్ వేడికి తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. మధ్యాహ్నం ఎయిమ్ రాకుండా పోయి రాత్రి పదకొండుకు మళ్లీ వస్తోందంటే సెన్స్‌ను తిట్టొద్దు, ఎఫ్‌పీఎస్ లెక్కను తెర మూల పెట్టుకుని చూడు.

మౌస్ విషయం. మౌస్ పెట్టె మీద, సాఫ్ట్‌వేర్‌లో 800 అని ఉన్నా నిజంగా కొన్ని శాతం అటూ ఇటూ ఉంటుంది. రెండు వేర్వేరు మోడళ్ల మధ్య ఆ తేడా తెలుస్తుంది. సెన్సార్ మౌస్ కింద ముందుకుందా వెనక్కుందా అన్నదాన్ని బట్టి కూడా మణికట్టుతో తిప్పేటప్పుడు తేడా వస్తుంది. అందుకే ఒకే మౌస్‌ను మూడు చోట్లకూ మోసుకుపో, అన్నిటికంటే తక్కువ ఖర్చుతో అయ్యే పని అదే. కెఫేల్లో చక్రం వెనక ఉండే డీపీఐ బటన్ మరో గండం. ముందు ఆడిపోయినోడు ఒకసారి నొక్కి ఉంటే 800 కాస్తా 1600 అయి ఉంటుంది. మా దగ్గర "ఎయిమ్ పోయింది" అన్న ఫిర్యాదుల్లో చాలావాటికి నేను చేసే వైద్యం ఆ బటన్ నొక్కడమే.

నీ మౌస్ అసలు డీపీఐ తెలుసుకోవడానికి బడి పిల్లల 30 సెంటీమీటర్ల స్కేలు చాలు. వాలరెంట్‌లో సాధన చేసే చోటైన రేంజ్‌లోకి పో, ఒక గోడ మూలకు క్రాస్‌హెయిర్ సరిగ్గా ఆనించు. స్కేలును ప్యాడ్ మీద అడ్డంగా టేపుతో అంటించి, మౌస్ అంచును దానికి ఆనించి 20.4 సెంటీమీటర్లు నెమ్మదిగా జరుపు. మౌస్ ఎత్తి మొదటికి తెచ్చి మళ్లీ 20.4 జరుపు. అదే మూల మీదికి తిరిగొస్తే నీ 800 నిజమైన 800. దాటిపోతే డీపీఐ ఎక్కువ ఉన్నట్టు, రాకపోతే తక్కువ ఉన్నట్టు. సరిగ్గా మూల మీదికి రావడానికి మొత్తం ఎన్ని సెంటీమీటర్లు పట్టిందో చూసి, 800ను 40.8తో గుణించి ఆ కొలతతో భాగిస్తే అసలు అంకె వస్తుంది. ఉదాహరణకు 39.5 పడితే దాదాపు 826. ఇదే పరీక్ష మూడు మిషన్లలో చేస్తే ఎక్కడ ఏ సెట్టింగ్ తేడాగా ఉందో కూడా బయటపడుతుంది. అంకెలు ఒకేలా వచ్చాయంటే ఇక సెన్స్ మీద అనుమానం పెట్టుకోకు.

ప్యాడ్ సంగతి కూడా చెప్పాలి. మా కెఫేలో టేబుళ్లు కడప బండలవి. ఇటుక దిమ్మెల మీద పరిచేశాం, కదలవు, ఊగవు, ఎంత గట్టిగా మౌస్ తిప్పినా చలించవు. నాకు దానికంటే మంచి గేమింగ్ టేబుల్ తెలీదు. రెండు చిక్కులు మాత్రం ఉన్నాయి. అంచు ముంజేతిని కోస్తుంది కాబట్టి మేం ఆ అంచుకు రబ్బరు పట్టీ అంటించాం. రెండోది, నున్నటి నల్ల బండ మీద మౌస్‌ను నేరుగా పెడితే సెన్సార్ ఒక్కోసారి దారి తప్పుతుంది, ప్యాడ్ తప్పనిసరి. ఎండాకాలంలో గుడ్డ ప్యాడ్ చెమటా దుమ్మూ పీల్చి బరువెక్కుతుంది, మౌస్ జిగటగా నడుస్తుంది. అప్పుడు కూడా "సెన్స్ తగ్గింది" అనే అనిపిస్తుంది. సబ్బు నీళ్లతో ఉతికి నీడలో ఆరేస్తే మళ్లీ మామూలుకొస్తుంది.

నువ్వు హాస్టల్లో ఎక్కడ కూర్చుని ఆడతావో రాయలేదు. మంచం మీద, మౌస్ కింద రికార్డు పుస్తకం పెట్టుకుని ఆడేవాళ్లను చాలామందిని చూశాను. అదే నీ సంగతైతే పైన చెప్పిన దూరాల లెక్కలన్నీ పక్కన పెట్టి ముందు టేబుల్ చూసుకో. 40.8 సెంటీమీటర్ల సెన్స్‌కు రికార్డు పుస్తకం వెడల్పు చాలదు. మధ్యలో మౌస్ ఎత్తి పెట్టాల్సి వస్తుంది, ఇంట్లో పెద్ద ప్యాడ్ మీద అలా ఎత్తే పని ఉండదు. ఆ ఒక్క తేడా మూడు తెరల తేడా కంటే పెద్దది.

ఇవన్నీ సర్దాక కూడా తెర మార్చిన రోజు మొదటి పది, పదిహేను నిమిషాలు తేడాగానే ఉంటుంది. అది మామూలే. ఆ సమయాన్ని ర్యాంక్డ్ మ్యాచ్‌లో ఖర్చు పెట్టకు. ఎయిమ్ ల్యాబ్ అనే సాధన ఆటలోనో రేంజ్‌లోనో, హాస్టల్లో రోజూ చేసే ఒకే ఒక్క కసరత్తు ఇక్కడా చెయ్యి. కొత్త కసరత్తు వద్దు, పోల్చుకోవడానికి పాతదే ఉండాలి. మొదట పెద్ద ఫ్లిక్కులు తప్పుతాయి, చిన్నవి తగులుతాయి, కాసేపటికి పెద్దవీ వస్తాయి. చిన్నవి కూడా తప్పుతూనే ఉంటే మాత్రం అది కంటి అలవాటు కాదు, పైన చెప్పిన రిఫ్రెష్ రేటో డీపీఐనో ఎక్కడో తేడా ఉంది, మళ్లీ స్కేలు తియ్యి. ఓడిపోయిన మ్యాచ్ మధ్యలో సెన్స్‌ను మాత్రం ముట్టుకోకు. ఫోన్‌లో బీజీఎంఐ ఆడి పీసీకి వచ్చిన పిల్లల్లో ఈ అలవాటు ఎక్కువ, చావగానే సెట్టింగ్స్ తెరుస్తారు.

చివర్లో అడిగావు, ఇంట్లో 27 అమ్మేసి 24 కొనాలా అని. టేబుల్ రెండడుగులే అయి, గోడకు బిగించే వీలు లేక, ఆడేది ఈ రెండు ఆటలే అయితే 24 నీకు సుఖం. రెండున్నర అడుగుల టేబుల్ ఉంటే 27నే ఉంచుకో, సినిమాలకూ చదువుకూ పనికొస్తుంది, ఆ డబ్బుతో మంచి మౌసూ పెద్ద గుడ్డ ప్యాడూ వస్తాయి. కొనేముందు మూడు చోట్లా కంటి దూరం, రిఫ్రెష్ రేటు, స్కేలు పరీక్షలో వచ్చిన సెంటీమీటర్లు ఇక్కడ రాయి. 0.4తో ఒక వారం ఆడాక రాస్తే ఇంకా మంచిది. అంకెలు చూస్తే తప్పు ఎక్కడుందో చెప్పడం కష్టం కాదు.